స్టేట్ అనే మాటకు అర్థం ఎవరు చెప్పాలి?

వార్తల్లో రోజూ వినిపిస్తూ, ఎప్పుడూ ఒకే అర్థంలో వినిపించని ఆంగ్ల పదాలు కొన్ని ఉన్నాయి. రాజకీయ వార్తలు రాసేవారికి వాటిలో అన్నింటికంటే చిక్కయినది 'స్టేట్'. దీన్ని తెలుగు చేయడానికి ఒక్క మాట చాలదు. 'చీఫ్ మినిస్టర్ ఆఫ్ ది స్టేట్' అంటే రాష్ట్ర ముఖ్యమంత్రి. 'హెడ్ ఆఫ్ స్టేట్' అంటే దేశాధినేత. 'మినిస్టర్ ఆఫ్ స్టేట్' కేంద్ర మంత్రివర్గంలో సహాయ మంత్రి; ఆ పదవికి ఏ రాష్ట్రంతోనూ ప్రమేయం లేదు. 'సెక్రటరీ ఆఫ్ స్టేట్' అమెరికాలో విదేశాంగ మంత్రి. 'స్టేట్ ఫ్యూనరల్' ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియలు. 'స్టేట్ వయొలెన్స్' రాజ్యహింస. 'స్టేట్ ఆఫ్ ఎమర్జెన్సీ' అత్యవసర పరిస్థితి. పోలీసులకు ఇచ్చే స్టేట్‌మెంట్ వాంగ్మూలం, బ్యాంకు మనకిచ్చే స్టేట్‌మెంట్ ఖాతా వివరం. ఇక మన ఇళ్లలో ఒక తల్లి 'మా అబ్బాయి స్టేట్స్‌లో ఉన్నాడు' అంటే ఏ రాష్ట్రంలో అని ఎవరూ అడగరు. అమెరికాలో అని పెళ్లిళ్ల పేరయ్యలకు కూడా తెలుసు.

నేను జర్నలిజం పీజీ చదివే రోజుల్లో అనువాద పాఠం చెప్పే అధ్యాపకులు ఒకే వాక్యంలో రెండుసార్లు 'స్టేట్' వచ్చే ఉదాహరణలు ఏరి తెచ్చేవారు. మొదటిది రాజ్యం, రెండోది రాష్ట్రం అయ్యేది. కొన్నిసార్లు తారుమారయ్యేది. ఏది ఏదో తేల్చుకోకుండా కలం ముందుకు సాగేది కాదు. తెలుగులో రాయడమంటే ఆంగ్లం దాచిపెట్టిన తేడాను బయటపెట్టడమని అక్కడ అర్థమైంది. 'స్టేట్' అని ఊరుకునే వెసులుబాటు ఆంగ్ల విలేకరికి ఉంది. తెలుగు విలేకరికి లేదు.

ఈ మాట పుట్టుక మనకు బొత్తిగా పరాయిది కాదు. లాటిన్‌లో నిలబడటం అనే అర్థమున్న ధాతువు నుంచి 'స్టేటస్', దాని నుంచి 'స్టేట్', 'ఎస్టేట్' వచ్చాయి. సంస్కృతంలో అదే అర్థంతో ఉన్న 'స్థా' ధాతువు దానికి జ్ఞాతి. స్థితి, స్థానం, స్థాయి, సంస్థానం, స్థిరాస్తి అన్నీ ఆ కుదురులోవే. నిజాం ఏలుబడిని ఆంగ్లంలో 'హైదరాబాద్ స్టేట్' అన్నా, తెలుగులో హైదరాబాదు సంస్థానమన్నా, ఒకే మూలానికి చెందిన రెండు కొమ్మలను పట్టుకున్నట్టే. రియల్ ఎస్టేట్‌ను స్థిరాస్తి అనడమూ అంతే. అయితే తెలుగు ఆ కుదురుతో ఆగలేదు. ఏలుబడి అనే భావానికి 'రాజ్' ధాతువు నుంచి రాజ్యం, రాష్ట్రం అనే రెండు మాటలు తీసుకుని, వాటి మధ్య ఒక గీత గీసుకుంది. హిందీలో 'రాష్ట్ర' అంటే జాతి, దేశం. మనకు రాష్ట్రం దేశంలో ఒక భాగం. అందుకే 'రాష్ట్రపతి' అనే మాటను తెలుగు పిల్లవాడికి మొదటిసారి చెప్పినప్పుడు 'మన రాష్ట్రానికా?' అని అడుగుతాడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆ పదం మరో భాష నుంచి మరో అర్థంతో వచ్చింది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈ మాట మీద పేచీ నిఘంటువులో కాకుండా వీధిలో నడిచే ఊరొకటి ఉంది. కొంతకాలంగా పుదుచ్చేరి రాజకీయాలను గమనించడానికి వచ్చినప్పుడల్లా నేను పట్టణానికి దక్షిణపు అంచున ఉన్న ఉప్పళంలో దిగుతున్నాను. తమిళంలో ఈ పేరుకు ఉప్పుమడి అని అర్థం. ఆంగ్లంలో 'యు'తో మొదలయ్యే పేరు, పాత ఫ్రెంచి రాతలో 'ఓ'తో మొదలవుతుంది. ఇందిరాగాంధీ క్రీడా మైదానం ఇక్కడే ఉంది. ఈ పేటను చీల్చుకుంటూ పోయే దారికి డాక్టర్ అంబేద్కర్ పేరుంది. 30 నియోజకవర్గాలున్న పుదుచ్చేరి శాసనసభలో ఉప్పళం ఒకటి. ఎన్నికలు దగ్గర పడినప్పుడల్లా ఇక్కడి గోడల మీద, వేదికల మీద ఒక నినాదం తిరిగి వస్తుంది: 'మానిల అందస్తు'. మానిలం అంటే తమిళంలో రాష్ట్రం. అందస్తు మన అంతస్తే. మనం ఆస్తి, అంతస్తు అని జంటగా పలికే మాట, మేడకు లెక్క చెప్పే మాట. పుదుచ్చేరి అడుగుతున్నది రాష్ట్ర హోదా. అది ఇప్పుడు ఉన్నది కింది అంతస్తులోనూ కాదు, పై అంతస్తులోనూ కాదు. రెండింటి నడుమ మెట్ల మీద.

ఇది చమత్కారానికి అన్న మాట కాదు. రాజ్యాంగాన్ని తెరిచి చూస్తే, పుదుచ్చేరి 'స్టేట్' అవునా కాదా అన్న ప్రశ్నకు ఒక్కో పుటలో ఒక్కో జవాబు దొరుకుతుంది.

రాష్ట్రపతిని ఎన్నుకునే విషయంలో పుదుచ్చేరి స్టేటే. 1992లో వచ్చిన 70వ సవరణ 54వ అధికరణానికి ఒక వివరణ చేర్చి, ఆ సందర్భంలో 'స్టేట్' అంటే ఢిల్లీ, పుదుచ్చేరి కూడా అని చెప్పింది. ఉప్పళం ఎమ్మెల్యేకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటుంది. వస్తు సేవల పన్ను విషయంలోనూ స్టేటే. ఆ పన్ను కోసం రాజ్యాంగాన్ని సవరించినప్పుడు, శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతం కూడా స్టేట్ కిందికే వస్తుందని 366వ అధికరణంలో రాశారు. అందుకే జీఎస్టీ మండలిలో పుదుచ్చేరికి కుర్చీ ఉంది. కానీ కేంద్రం వసూలు చేసిన పన్నులను రాష్ట్రాలకు పంచే ఆర్థిక సంఘం దగ్గరికి వెళ్లేసరికి పుదుచ్చేరి స్టేట్ కాదు. ఆ పంపకంలో దానికి వాటా లేదు. కేంద్రం ఏటా ఇచ్చే గ్రాంటు కోసం చూడాలి. పన్ను తీసుకునే గదిలో ఒక అర్థం, పంచిపెట్టే గదిలో మరో అర్థం.

ఇంకా విచిత్రం మూడో అధికరణంలో ఉంది. రాష్ట్రాల ఏర్పాటు, సరిహద్దుల మార్పు, పేరు మార్పు గురించిన అధికరణమది. దానికి 1966లో 18వ సవరణ ఒక వివరణ జోడించింది. దాని ప్రకారం (ఎ) నుంచి (ఇ) వరకు ఉన్న క్లాజుల్లో 'స్టేట్' అంటే కేంద్రపాలిత ప్రాంతం కూడా. అదే అధికరణపు షరతు భాగంలో మాత్రం కాదు. షరతు చెప్పేదేమిటంటే, ఒక స్టేట్ విస్తీర్ణాన్నో సరిహద్దునో పేరునో మార్చే బిల్లును ముందుగా ఆ స్టేట్ శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి. అంటే మార్చడానికి వచ్చినప్పుడు పుదుచ్చేరి స్టేట్. అడగడానికి వచ్చినప్పుడు కాదు. ఒకే అధికరణంలో ఒకే మాటకు రెండు అర్థాలు పెట్టి, ఆ రెండింటి నడుమ ఒక శాసనసభ నోటిని మూయవచ్చని చూపిన వాక్యమిది.

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1960వ దశకంలో పుదుచ్చేరికి భారత ఆదాయపు పన్ను చట్టాన్ని వర్తింపజేసినప్పుడు తలెత్తిన కన్నియన్ కేసు న్యాయ విద్యార్థులకు తెలిసినదే. 'స్టేట్' అంటే కేంద్రపాలిత ప్రాంతం కూడా అని సాధారణ నిబంధనల చట్టం చెబుతోంది కదా అన్నది వాదన. ఆ నిర్వచనం శాసనాధికారాల పంపిణీ గురించిన 246వ అధికరణానికి పొసగదని న్యాయస్థానం తేల్చింది. కేంద్రపాలిత ప్రాంతానికి సంబంధించినంతవరకు రాష్ట్రాల జాబితాలోని అంశాల మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చని స్పష్టం చేసింది. సందర్భాన్ని బట్టి అర్థం అన్నది న్యాయశాస్త్రంలో ఒప్పుకున్న సూత్రమే. చిక్కంతా ఆ సందర్భం ఎవరి చేతిలో ఉందన్న దగ్గర వస్తుంది.

అర్థం చేతులు మారితే ఏమవుతుందో పుదుచ్చేరి అనుభవించింది. 1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం, ఎన్నికైన 30 మందికి తోడుగా ముగ్గురిని మించకుండా సభ్యులను నామినేట్ చేసే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 2017లో కేంద్రం ముగ్గురిని నామినేట్ చేసింది. అప్పటి నారాయణస్వామి ప్రభుత్వాన్ని సంప్రదించలేదు. ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరగా, 2018 డిసెంబరులో నామినేషన్ చెల్లుతుందని తీర్పు వచ్చింది. 30 మందే ఉన్న సభలో ముగ్గురంటే చిన్న సంఖ్య కాదు. ఉప్పళంలో వేల మంది ఎండలో వరుస కట్టి పంపిన సభ్యుడి పక్కన, ఏ వరుసా కట్టకుండా వచ్చిన సభ్యుడు కూర్చుంటాడు. 2021 ఫిబ్రవరిలో రాజీనామాల వల్ల బలం తగ్గిన ఆ ప్రభుత్వం పడిపోయినప్పుడు ఈ ముగ్గురి ఓటు హక్కు మళ్లీ చర్చలోకి వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ విషయంలో పార్లమెంటు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఢిల్లీ శాసనసభ చేసే ఏ చట్టంలోనైనా 'ప్రభుత్వం' అంటే లెఫ్టినెంట్ గవర్నర్ అని చట్ట సవరణలో రాసింది. ఓటరు ఒక అర్థంలో ఎన్నుకున్న ప్రభుత్వం, చట్టంలో మరో అర్థంలో మిగిలింది.

పుదుచ్చేరి చరిత్రలో ఈ మాటకు ఇంకా పాత నీడలున్నాయి. ఫ్రెంచిలో పెద్ద అక్షరంతో రాస్తే 'ఎతా' రాజ్యం. చిన్న అక్షరంతో రాస్తే స్థితి. జనన మరణ వివాహాల నమోదును 'ఎతా సివిల్' అంటారు, పౌరస్థితి అని. 1881 నాటి ఫ్రెంచి ఉత్తర్వు ప్రకారం ఇక్కడి భారతీయులు తమ వైయక్తిక చట్ట స్థితిని వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతిలోకి వెళ్లవచ్చు. అలా వెళ్లినవారిని 'రెనోన్సాన్లు', అంటే వదులుకున్నవారు, అన్నారు. కుటుంబం పేరు సైతం మార్చుకున్నవారున్నారు. 'స్టేట్', 'స్టేటస్' అనే జంట మాటలు ఇక్కడ మనిషి పేరులోకి, పెళ్లిలోకి, వారసత్వంలోకి దిగాయి.

యానాం సంగతి తెలుగువారికి తెలియనిది కాదు. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చాక, బాల్యవివాహాలు చేయదలచిన గోదావరి జిల్లాల కుటుంబాలు పిల్లలను తీసుకుని ఫ్రెంచి యానాంకు వెళ్లేవి. భాష అదే, గోదావరి అదే, పురోహితుడూ అక్కడివాడే కావచ్చు. రాజ్యం మారింది కనుక నేరం పెళ్లయింది. రాజ్యం అనే మాటకు ఇంతకన్నా సూటి నిర్వచనం నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనబడలేదు.

ఆ ఫ్రెంచి రాజ్యం వెళ్లిపోయేటప్పుడు ఒక మాట ఇప్పించుకుని వెళ్లింది. 1954 అక్టోబరు 18న కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారతదేశంలో కలవడానికి ఓటు వేశారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956లో సంతకమై 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చిన ఒప్పందం రెండో అధికరణంలో, ఈ ప్రాంతాలకు అప్పటివరకు ఉన్న ప్రత్యేక పాలనా ప్రతిపత్తి కొనసాగుతుందనీ, దానిలో రాజ్యాంగపరమైన మార్పు ఏదైనా చేయాలంటే ప్రజల అభీష్టం తెలుసుకున్న తర్వాతే చేయాలనీ ఉంది. 1979లో మొరార్జీ దేశాయి ప్రధానిగా ఉండగా పొరుగు రాష్ట్రాలలో విలీనం ప్రస్తావన వచ్చినప్పుడు పుదుచ్చేరి భగ్గుమన్నది ఆ మాటను మరిచిపోలేదు కనుకనే. విలీనం వద్దన్న ఆ ప్రజలే రాష్ట్ర హోదా కావాలంటున్నారు. శాసనసభ పలుమార్లు ఆ మేరకు తీర్మానాలు చేసింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా తీర్మానం మారలేదు. ఢిల్లీలో ఏ పార్టీ ఉన్నా జవాబూ మారలేదు: యథాతథ స్థితి. ఆంగ్లంలో అదీ 'స్టేటస్ కో'యే.

అవతలి వాదన కూడా వినాలి. ఇంత చిన్న ప్రాంతం, అదీ నాలుగు ముక్కలుగా మూడు భాషల మధ్య చెదిరి ఉన్నది, సొంత రాబడితో రాష్ట్రంగా నిలబడగలదా అని అడిగేవారున్నారు. కారైక్కాల్ తమిళనాడు మధ్యలో, మాహే కేరళ మధ్యలో, యానాం ఆంధ్రప్రదేశ్ మధ్యలో ఉన్నాయి. ఉప్పళంలో ఒక సాయంత్రం టీకొట్టు దగ్గర తెలుగు మాట వినబడి పలకరిస్తే, ఆయన యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి. రాష్ట్ర హోదా గురించి అడిగాను.

"మాది ఏ స్టేటండీ అంటే ఏం చెప్పమంటారు?" అన్నారాయన. "కాకినాడ వెళితే పాండిచ్చేరి వాళ్లంటారు. ఇక్కడికొస్తే ఆంధ్రావాళ్లంటారు. మా పిల్లలు చదివింది ఆంధ్రా స్టేట్ సిలబస్. జీతం పాండిచ్చేరిది. పెద్ద జబ్బు చేస్తే కాకినాడ ఆసుపత్రి. స్టేట్ ఇస్తే మంచిదే. కానీ మా కాగితం మీద సంతకం పెట్టే ఆఫీసు అప్పుడూ 800 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది కదండీ?"

ఆ ప్రశ్నకు హోదా ఒక్కటే జవాబు కాదని ఒప్పుకోవాలి. రాష్ట్రమైనంత మాత్రాన మారుమూల దగ్గర కాదు. ఆ సంగతి శ్రీకాకుళానికి తెలుసు, ఆదిలాబాద్‌కు తెలుసు. కానీ ఆయన ప్రశ్న వేయడానికి ఒక చోటు ఉండాలి. ఆ చోటు ఆయన ఓటు వేసిన శాసనసభ అయితే, ఆ సభ మాటకు బరువుండాలి. చిన్నదనం మాత్రమే అడ్డంకి అయితే 1987లో గోవా రాష్ట్రం అయ్యేది కాదు. 1956 నవంబరు 1కి ముందు, ఢిల్లీ, హిమాచల్ వంటి ప్రాంతాలను రాజ్యాంగం పార్ట్ 'సి' స్టేట్లు అనే పిలిచేది. ఏడో సవరణతో అవి కేంద్రపాలిత ప్రాంతాలయ్యాయి. ఆ రోజే ఆంధ్రప్రదేశ్ అవతరించింది. నేల మారలేదు, నది మారలేదు, మాట మారింది. దానితోపాటు అధికారం మారింది.

రాష్ట్రం అనిపించుకున్నంత మాత్రాన అన్నీ దక్కుతాయన్న భ్రమ తెలుగువారికి ఉండకూడదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. మూడో అధికరణం అడగమని మాత్రమే అంటుంది, వినమని అనదు. తెలంగాణ ప్రజలకు దశాబ్దాల ఆకాంక్షను తీర్చిన ఆ వెసులుబాటే, 2019 ఆగస్టులో జమ్మూకశ్మీర్‌కు ఉన్న రాష్ట్ర ప్రతిపత్తిని తీసివేయడానికీ ఉపయోగపడింది. అప్పటికి అక్కడి శాసనసభ రద్దయి ఉంది. ఆ సభ చెప్పవలసిన అభిప్రాయాన్ని పార్లమెంటే చెప్పింది. ఒక రాష్ట్రాన్ని మొత్తంగా కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చవచ్చా అన్న ప్రశ్నను, రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామన్న కేంద్రం హామీని నమోదు చేసుకుని, సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చకుండా వదిలిపెట్టింది. విభజన నాడు రాజ్యసభలో ప్రధాని చెప్పిన ప్రత్యేక 'హోదా' ఏమైందో ఆంధ్రులకు నేను గుర్తుచేయనక్కరలేదు.

అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను ప్రవేశపెడుతూ 'ఫెడరేషన్' అనకుండా 'యూనియన్' అని ఎందుకన్నారో వివరించారు. రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని ఏర్పరచిన సమాఖ్య కాదు కనుక విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదన్నది ఆయన వివరణ. దానితో ఏకీభవించినా విభేదించినా, ఒక విషయం గమనించాలి. ఒక మాటను ఎంచుకున్నందుకు ఆయన సభకు కారణం చెప్పారు, బహిరంగంగా, ప్రశ్నలకు నిలబడి. నిర్వచనాల క్లాజులో ఒక వాక్యం చేర్చి, స్వల్ప చర్చతో మాట అర్థాన్ని మార్చివేసే నేటి అలవాటుకు, దీనికి ఉన్న తేడా అదే.

విలేకరులు బిల్లు వచ్చిన రోజున శిక్షలు, జరిమానాలు, కేటాయింపులు చూస్తారు. నిర్వచనాల భాగాన్ని లాయర్లకు వదిలేస్తారు. పుదుచ్చేరిని చూశాక నేను మొదట ఆ భాగమే చదువుతున్నాను. 'స్టేట్' అన్న చోట రాష్ట్రమని రాయాలా, రాజ్యమని రాయాలా, ప్రభుత్వమని రాయాలా అని తెలుగు కలం అడిగే ప్రశ్న అనువాదకుడి ఇబ్బందితో ముగిసేది కాదు. అది పౌరుడు అడగవలసిన ప్రశ్న. పన్ను కట్టమన్నప్పుడు మేము స్టేట్ అయితే, పంచేటప్పుడూ స్టేటే కావాలి. మా సరిహద్దు మార్చగలిగినప్పుడు స్టేట్ అయితే, మమ్మల్ని అడిగేటప్పుడూ స్టేటే కావాలి. ఉప్పళం గోడల మీద నినాదం అడుగుతున్నది ఇంతే: ఒక మాటకు ఒకే పుస్తకంలో, ఒకే ప్రజల విషయంలో, ఒకే అర్థం.